సరిహద్దు ఊళ్లో తెలుగు బ్లాగు: ధ్యాస చెదరకుండా వారం వారం రాయడం ఎలా?

ఆంధ్ర సరిహద్దుకు ఒడిశా వైపున బరంపురంలోనో, పర్లాకిమిడిలోనో, గుణుపురంలోనో ఉంటూ తెలుగులో బ్లాగు రాయాలనుకునేవారికి విషయాలకు కొదవ లేదు. కొదవంతా కుదురుకే. ఇంట్లో తెలుగు, బడిలోనూ ఆఫీసులోనూ ఒడియా, ఫోనులో రెండు రాష్ట్రాల వార్తలు. వంశధార ఒడ్డున చూసిన సంగతి రాద్దామని కూర్చున్న మనిషి అరగంట తిరిగేసరికి అమరావతి రాజకీయంలోనో, భువనేశ్వర్ వార్తల్లోనో తేలతాడు. ఆ రోజుకు టపా (బ్లాగు పోస్టు) లేదు. అలా నాలుగు వారాలు గడిస్తే బ్లాగే లేదు.

ఉద్యోగమో, దుకాణమో, ఇంటి పనో చూసుకుంటూ మిగిలిన వేళలో రాసేవారి కోసం ఈ వ్యాసం. ఇందులో చెప్పేదంతా ఒక నమ్మకం మీద నిలిచింది. రాసే మనిషి ధ్యాస సాధారణంగా బల్ల దగ్గరికి రాకముందే చెదిరిపోతుంది. ఏం రాయాలో, ఎంత రాయాలో, ఎక్కడ ఆపాలో తేల్చుకోకుండా కూర్చున్నవారి చేతిలోకి ఫోను దానంతట అదే వస్తుంది. అందుకే కింది పనుల్లో ఎక్కువ భాగం రాతకు కూర్చోకముందు చేసుకోవలసినవి.

ముందుగా పొలిమేర గీసుకోండి

మీ బ్లాగు దేని గురించో ఒక్క వాక్యంలో కాగితం మీద రాయండి. "గజపతి జిల్లా ఊళ్లు, అక్కడి పాత సంగతులు." "బరంపురం తెలుగిళ్ల వంటలు." "జయపురం, కోరాపుట్ వైపు ప్రయాణాలు." "ఒడియా మాధ్యమంలో చదివే పిల్లలకు ఇంట్లో తెలుగు నేర్పడం." ఇలా ఉండాలి. "నా ఆలోచనలు, నా అనుభవాలు" అని రాసుకుంటే పొలిమేర గీసినట్టు కాదు. ఆ మాటలో ఇమడని విషయం లేదు కనుక ప్రతి వారం మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవలసి వస్తుంది.

వాక్యం రాశాక అదే కాగితం మీద ఇరవై శీర్షికలు రాసి చూడండి. పది కూడా రాకపోతే ఆ విషయం మీకు ఇంకా సరిపడా తెలియదు, లేదా గీత మరీ ఇరుకైంది. యాభై దాటినా పెన్ను ఆగకపోతే గీత మరీ వెడల్పైంది. ఇరవై దగ్గర తడబడుతూ ఆగితే సరిగ్గా కుదిరింది. ఆ ఇరవై శీర్షికలే రాబోయే అయిదు నెలలకు మీ పని.

కాగితం వెనుక వైపు ఈ బ్లాగులోకి రానివి రాయండి. సినిమాలు, క్రికెట్, రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులు. వాటి మీద మీకు గట్టి అభిప్రాయాలు ఉండవచ్చు, టీ కొట్టు దగ్గర వాదించవచ్చు. ఇక్కడికి మాత్రం రావు. హైదరాబాదులో, విజయవాడలో ఉన్నవారు వాటి గురించి రోజూ రాస్తూనే ఉన్నారు. మనం రాయకపోతే ఎవరూ రాయనివి మన చుట్టూ ఉన్నాయి. బరంపురంలో రెండేళ్లకొకసారి చైత్రంలో జరిగే ఠాకురాణి యాత్రనే తీసుకోండి. తెలుగు మూలాలున్న దేరా నేతకారులదే అందులో పెద్ద పాత్ర. అమ్మవారిని తమ ఇంటికి పిలుచుకునే హక్కు వారి పెద్ద దేశిబెహరాది. ఒడియా పత్రికలు దాని గురించి విరివిగా రాస్తాయి. తెలుగులో వెతికితే దొరికేది ఎంత తక్కువో మీరే చూడండి.

ఇంకొక ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం, గిడుగు రామమూర్తి గారు పుట్టిన రోజు కనుక. ఆయన పాఠాలు చెప్పిందీ, సవర గిరిజనుల నోట వింటూ వారి భాష నేర్చుకున్నదీ పర్లాకిమిడిలోనే. సవర భాష మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం 1931లో వచ్చింది. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆయన ఆ ఊరు విడిచి రాజమండ్రికి వెళ్లిపోయారు. దశాబ్దాల పాటు చేతికందేంత దూరంలో ఉన్న విషయాన్ని పట్టుకుని కూర్చున్నారు. సరిహద్దులో ఉండి రాసేవారికి ఇంతకన్నా దగ్గరి ఆదర్శం నాకు తెలియదు.

సేకరణ వేరు, రాత వేరు

చాలామంది ఈ రెండింటినీ ఒకే కూర్చోవడంలో కలిపేస్తారు. ఒక పేరా రాసి, ఏదో సంవత్సరం గుర్తు రాక ఇంటర్నెట్ తెరుస్తారు. అక్కడి నుంచి తిరిగి వచ్చేటప్పటికి రాస్తున్న వాక్యం చల్లారిపోతుంది. సేకరించే రోజు సేకరించండి, రాసే రోజు రాయండి.

నౌపడ–గుణుపురం రైలు మీద టపా రాయాలనుకున్నారనుకుందాం. ముందు పుస్తకాల్లో ఉన్నది రాసుకోండి. పర్లాకిమిడి మహారాజా వేయించిన ఆ లైను 1900లో మొదలైంది. పట్టాల మధ్య వెడల్పు 762 మిల్లీమీటర్లు, అంటే నారో గేజ్. 1931లో గుణుపురం దాకా పొడిగించారు. బ్రాడ్ గేజ్‌గా మార్చడానికి 2004లో చిన్న బండిని ఆపేశారు. కొత్త లైను మీద గుణుపురానికి 2011లో రైలు వచ్చింది. బండి బయలుదేరేది ఆంధ్రలో, చేరేది ఒడిశాలోని రాయగడ జిల్లాలో. ఇంతవరకు ఎవరైనా ఇంట్లో కూర్చుని రాయగలరు. వీటి కోసమే పాఠకుడు మీ దగ్గరికి రాడు.

మీ దగ్గర మాత్రమే దొరికేది ఆ చిన్న బండిలో ప్రయాణించిన మనుషుల మాట. దాన్ని రాబట్టడం ఒక పద్ధతి. "తాతా, ఆ రోజుల్లో రైలు ఎలా ఉండేది?" అని అడిగితే "బాగుండేది నాయనా" అంటాడు. అక్కడితో సరి. చిన్న చిన్న ప్రశ్నలు పట్టుకుని వెళ్లండి. ఏ స్టేషన్‌లో ఎక్కేవారు? చేతిలో ఏం ఉండేది? సంతకు వెళ్లేటప్పుడు బుట్ట ఎక్కడ పెట్టేవారు? వాన పడితే ఏం చేసేవారు? టికెట్టు కొనేవారా, నిజం చెప్పండి తాతా? పెళ్లిబృందం ఎప్పుడైనా ఆ బండిలో వెళ్లిందా? ఇలా అడిగితే ఆయన కళ్లు మూసుకుని బండి ఎక్కేస్తాడు. మీరు చేయవలసిందల్లా అడ్డు రాకుండా వినడం. గొంతు రికార్డు చేసుకోవాలంటే ముందే అడగండి. టపాలో పేరు పెట్టవచ్చో లేదో కూడా అప్పుడే తేల్చుకోండి. తర్వాత ఫోను చేసి అడగడానికి మొహమాటపడి టపానే పక్కన పెట్టేసేవారు ఎందరో.

నోటు పుస్తకంలో ఎడమ పేజీ విన్నదానికి, కుడి పేజీ సరిచూడవలసినదానికి ఉంచండి. ఎడమ పక్కన "కాశీనగరంలో బండి చాలాసేపు ఆగేది" అని ఉంటే, దానికి ఎదురుగా "ఎందుకు? నీళ్లు పట్టడానికా? ఇంకొకరిని అడగాలి" అని ఉంటుంది. వాక్యాన్ని వారి నోట వచ్చినట్టే రాసుకోండి. మన వైపు పెద్దల తెలుగులో ఉండే యాస, మధ్యలో దొర్లే ఒడియా మాట, అన్నీ అలాగే. ఊరి పేరు తెలుగులో ఎలా అంటారో, ఒడియా బోర్డు మీద ఎలా ఉందో రెండూ రాసుకోండి. వెతికేవారు రెండు రకాలుగానూ వెతుకుతారు. ఇద్దరు చెప్పింది ఒకటి కాకపోతే ఎవరిది నిజమో మీరు తీర్పు చెప్పనక్కరలేదు. ఒకరు ఇలా అన్నారు, ఒకరు అలా అన్నారు అని రాస్తే చాలు.

సేకరణకు గడువు పెట్టడం అన్నిటికన్నా ముఖ్యం. ముగ్గురు మనుషులు, రెండు సాయంత్రాలు, ఆపైన ఆపేయడం. ఇంకొకరిని కలిసి రాద్దాం, పాత ఫోటో ఒకటి దొరికాక రాద్దాం అనుకోవడం శ్రద్ధలా కనిపిస్తుంది. చాలాసార్లు అది రాయడానికి జంకడమే. ఆ ఫోటో దొరికిన రోజున ఇంకొక టపా రాయవచ్చు.

ఒక టపాకు ఒకే ప్రశ్న

సేకరించినది ముందు పెట్టుకుని, ఈ టపా ఏ ప్రశ్నకు జవాబు చెబుతుందో రాసుకోండి. "గుణుపురం రైలు చరిత్ర" ప్రశ్న కాదు. దాని మీద రాయడం మొదలుపెడితే మహారాజా దగ్గర మొదలై బెంగాల్ నాగపూర్ రైల్వే దాకా పోయి, అలసిపోయి ఆగుతారు. "2004లో చిన్న బండి ఆగిపోయింది, గుణుపురానికి పెద్ద బండి 2011లో వచ్చింది. ఆ మధ్య ఏళ్లలో గుణుపురం మనుషులు పర్లాకిమిడికి ఎలా వచ్చిపోయారు?" ఇది ప్రశ్న. దీనికి జవాబు చెప్పగలిగిన మనుషులు మీ వీధిలోనే ఉన్నారు. మిగిలిన సమాచారమంతా దానికి ఎంత కావాలో అంతే వస్తుంది. మిగిలిపోయింది వృథా పోదు, శీర్షికల కాగితంలో ఇంకొక వరుస అవుతుంది.

ప్రశ్న తేలాక అయిదారు ముక్కల్లో వరుస రాసుకోండి. చివరి బండి రోజు. బస్సులు, జీపులు. కాలేజీ పిల్లల కష్టం. కూరగాయల బుట్టలు ఎలా చేరాయి. కొత్త బండి మొదటి రోజు. ఇంత చాలు. మర్నాడు బల్ల దగ్గర కూర్చున్నప్పుడు "ఇప్పుడేం రాయాలి" అన్న మాట మీ నోట రాదు.

వేళ కుదుర్చుకోవడం

రోజూ రాయాలని పట్టుబట్టకండి. వారానికి నాలుగు గంటలు దొరికితే వారానికొక టపా హాయిగా రాయవచ్చు. ఆ నాలుగు గంటలకూ పేర్లు పెట్టండి. ఆదివారం సాయంత్రం సేకరణ, మంగళవారం ఉదయం చిత్తుప్రతి, గురువారం ఉదయం సవరణ, శనివారం బొమ్మలు పెట్టి ప్రచురణ. ఏ రోజు ఏ పనో ముందే ఉంటే బుద్ధి ఆ పనికే సిద్ధపడి వస్తుంది. గంజాం, గజపతి వైపు వేసవిలో పగటి ఉక్కకు తల పనిచేయదు కాబట్టి చిత్తుప్రతికి తెల్లవారుజామే మంచిది. రాత్రి షిఫ్టు చేసేవారు తమ వేళ తామే చూసుకోవాలి. నియమం వేళలో లేదు, అదే వేళకు కూర్చోవడంలో ఉంది.

ఇరవై అయిదు నిమిషాలు పని, అయిదు నిమిషాలు విరామం అనే పొమొడోరో పద్ధతి గురించి వినే ఉంటారు. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే ఇటలీ విద్యార్థి టమాటా ఆకారంలో ఉన్న వంటింటి గడియారంతో మొదలుపెట్టాడు. సవరణకు, బొమ్మల పనికి అది చక్కగా పనికొస్తుంది. చిత్తుప్రతికి మాత్రం ఇరవై అయిదు నిమిషాలు చాలవని నా అభిప్రాయం. మాట ఊపందుకునేసరికి గంట మోగుతుంది. చిత్తు రాసేటప్పుడు యాభై నిమిషాలు కదలకుండా కూర్చుని, ఆ తర్వాత లేవండి.

కూర్చునే ముందు చేయవలసిన చిన్న పని ఒకటుంది. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఒక పని సగంలో వదిలి ఇంకొక పనికి మారితే మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుంది. గ్యాస్ బుక్ చేయాలి, పాప ఫీజు కట్టాలి, బావగారికి ఫోను చేయాలి లాంటివన్నీ చీటీ మీద రాసి, ఏది ఏ గంటకు చేస్తారో పక్కన వేసి, ఆ చీటీని బోర్లించండి. అప్పుడు వాటిని మోయవలసిన బరువు మనసుకు ఉండదు.

ఇక ఫోను. కంప్యూటర్ మీద రాసేవారు దాన్ని వేరే గదిలో పెట్టండి, బోర్లించి పక్కన పెట్టడం చాలదు. 2017లో ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం వారు, ఫోను ఊరికే బల్ల మీద ఉన్నా పరీక్షల్లో మనుషుల పనితనం తగ్గిందని చూపించారు. తర్వాత అదే ప్రయోగం చేసిన వారందరికీ అదే ఫలితం రాలేదు. అయినా ఫోను పక్క గదిలో పెట్టడానికి ఖర్చేమీ లేదు. మనలో సగం మంది ఫోను మీదే రాస్తారన్నది కూడా నిజమే. అలాంటివారు ఏరోప్లేన్ మోడ్ పెట్టి, ఇంటర్నెట్ అక్కరలేని నోట్స్ యాప్‌లో రాయండి. ఆండ్రాయిడ్ ఫోన్ల సెట్టింగుల్లో యాప్ పిన్ చేసే సదుపాయం ఉంటుంది. దాన్ని వాడితే పొరపాటున కూడా వేరే యాప్‌లోకి జారిపోరు. చిన్న బ్లూటూత్ కీబోర్డు కొనుక్కోగలిగితే ఇంకా మేలు.

ఇంట్లో వారికి చెప్పడం మరచిపోవద్దు. "అత్తయ్యా, ఏడింటి దాకా నేను రాసుకుంటాను, తర్వాత టిఫిన్ పని చూస్తాను" అని ఒక్కసారి నోరు తెరిచి చెప్పండి. ఇంటి పనంతా తమ మీదే ఉన్న ఆడవారికి గంట దానంతట దొరకదు. అడిగి తీసుకోవలసిందే. అలా అడగడానికి వెనుకాడే వదినలు, అక్కలు రాయకుండా వదిలేసిన సంగతులే ఈ జిల్లాల్లో అన్నిటికన్నా ఎక్కువ. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఒడియా చదువు, తెలుగు టైపింగు

ఒడియా మాధ్యమంలో చదువుకున్నవారు తెలుగు ధారాళంగా మాట్లాడతారు, రాయబోతే చేయి ఆగుతుంది. ఒత్తు సరిగా పడిందా, ఇది ఏ అక్షరం అన్న అనుమానంతో ప్రతి వాక్యానికీ ఆగుతారు. ధ్యాస చెదరడానికి ఇది పెద్ద కారణం. దీని గురించి మాట్లాడేవారు తక్కువ.

మూడు దారులున్నాయి. మొదటిది నోటితో చెప్పి ఫోను చేత రాయించడం. చిత్తుప్రతికి ఇది వేగంగా ఉంటుంది, కానీ ఊళ్ల పేర్లను పాడుచేస్తుంది. రెండోది ఆంగ్ల అక్షరాలతో కొడితే తెలుగుగా మార్చే లేఖిని లాంటి సాధనం. మూడోది ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు. మన జిల్లాల వారికి దీనిలో గొప్ప సౌలభ్యం ఉంది. ఇన్‌స్క్రిప్ట్‌లో తెలుగు, ఒడియా లాంటి భారతీయ భాషలకు అక్షరాల స్థానాలు దాదాపు ఒకటే. ఒడియాలో క ఎక్కడుందో తెలుగులోనూ క అక్కడే. ఆఫీసు పని కోసం ఒడియా ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్నవారి వేళ్లకు తెలుగు టైపింగు సగానికి పైగా వచ్చేసినట్టే. అది తెలియక మొదటి నుంచి నేర్చుకోవాలని భయపడేవారికి ఈ మాట తప్పక చెప్పండి.

అక్షరదోషాల భయం సవరణ రోజుకు వాయిదా వేయండి. అనుమానం వచ్చిన మాట పక్కన రెండు ప్రశ్నార్థకాలు పెట్టి ముందుకు సాగండి. గురువారం ఆంధ్రభారతి నిఘంటువు తెరిచి అన్నిటినీ ఒకేసారి సరిచూసుకోవచ్చు.

చిత్తుప్రతి, సవరణ

చిత్తు రాసేటప్పుడు ఇంటర్నెట్ ఆపేయండి. సంవత్సరం గుర్తు లేకపోతే ఖాళీ వదలండి. మొదటి వాక్యం కుదరకపోతే రెండో ముక్క దగ్గర మొదలుపెట్టండి. గడువు కాగానే ఆపండి, అయితే ఒక పేరా పూర్తయిన చోట ఆపవద్దు. తర్వాత ఏం వస్తుందో తెలిసిన చోట, వాక్యం సగంలో ఆపండి. మళ్లీ కూర్చున్నప్పుడు ఆ సగం వాక్యమే చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోతుంది.

సవరణ రోజు పైకి చదవండి. చదువుతుంటే ఊపిరి ఆడని వాక్యం రెండుగా విరగాలి. మొదటి పేరా తీసేసి చూడండి. పదింట ఎనిమిదిసార్లు టపా రెండో పేరాతోనే బాగా మొదలవుతుంది. ఆరు వందల నుంచి తొమ్మిది వందల మాటలు చాలు. తాతగారి మాటల్లోని యాసను దిద్దకండి, మీ వాక్యాలను మాత్రం అందరికీ తెలిసే తెలుగులో ఉంచండి. అప్పుడు రెండింటికీ విలువ నిలుస్తుంది.

రెండు పంచాంగాలు, ఒక తుఫాను కాలం

సరిహద్దులో ఉన్నవారికి పండుగలు రెండింతలు. సంక్రాంతి, ఉగాది మనవి. ఏప్రిల్ 14 ప్రాంతంలో పణా సంక్రాంతి, జూన్ నడుమ మూడు రోజుల రజ పండుగ, ఆషాఢంలో రథయాత్ర ఇక్కడివి. చలికాలం చివర ఋషికుల్య ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి. ఇవన్నీ క్యాలెండర్‌లో ముందే వేసుకుని, ప్రతిదానికీ మూడు వారాల ముందు "సేకరణ" అని రాయండి. పండుగ రోజున పండుగ గురించి రాయబోతే పండుగా ఉండదు, రాతా ఉండదు. ఈ ఏడు చూసింది నోటు పుస్తకంలో పెట్టి, వచ్చే ఏడు పండుగకు వారం ముందు ప్రచురించడం ఇంకా మంచి పద్ధతి. పాఠకులు వెతికేది అప్పుడే.

అక్టోబరు సంగతి వేరు. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. కరెంటు, ఫోను సిగ్నల్ రోజుల తరబడి లేకుండా పోయే కాలం అది. సెప్టెంబరు ముగిసేలోగా ఎప్పుడైనా ప్రచురించదగ్గ టపాలు రెండు మూడు రాసి, బ్లాగర్‌లోనో వర్డ్‌ప్రెస్‌లోనో తేదీ పెట్టి ఉంచండి. వాటంతట అవే వెళతాయి. తుఫాను వేళ మీ ఇల్లు, ఇరుగుపొరుగు చూసుకోండి. ఆ రోజుల్లో రాయడానికి కూర్చోనక్కరలేదు. చూసింది మాత్రం రెండు ముక్కలు నోటు పుస్తకంలో వేసుకోండి.

అంకెలు, వ్యాఖ్యలు

ఎంతమంది చూశారన్న అంకె వారానికి ఒక్కసారి చూడండి, శనివారం ప్రచురించాక కాకుండా మరుసటి ఆదివారం. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో ఏ మాటలతో వెతికి మీ దగ్గరికి వచ్చారో ఉంటుంది. చూడవలసింది అదే. "పర్లాకిమిడి రైలు టైము" అని వెతికి వచ్చినవారు ఉంటే, మీ టపాలో ఆ సంగతి ఒక్క వాక్యమైనా ఉండాలన్నమాట. ప్రకటనల ఆదాయం సంగతి మొదటి ఏడాది తలపెట్టకండి.

టపా లింకు రెండు మూడు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి బయటికి రండి. మెచ్చుకోలు కోసం అక్కడే కాచుకుని ఉంటే సాయంత్రం పోతుంది. వ్యాఖ్యలకు జవాబుకు వారంలో ఒక అరగంట కేటాయించండి. పాత జ్ఞాపకం రాసినవారికి, తప్పు చూపినవారికి ముందు జవాబు ఇవ్వండి. తప్పు దిద్ది, దిద్దామని టపా కింద రాయండి.

సరిహద్దు తగవులు మరొక రకం. కోరాపుట్ జిల్లా అంచున ఉన్న కొఠియా గ్రామాల వివాదం, 1936 నాటి విభజన, ఏ ఊరు ఎవరిదన్న వాదం మొదలైతే ఆ వారం మీ చేతిలో ఉండదు. అలాంటి వ్యాఖ్యకు ఒక్కసారి, తెలిసిన తేదీలతో, మర్యాదగా జవాబు ఇవ్వండి. రెండోసారి ఇవ్వకండి. తిట్లుంటే తీసేయండి. మన పొరుగువారు ఒడియా వారు, మన పిల్లలు చదువుతున్నది వారి పిల్లలతోనే. బ్లాగులో రేగిన మాట వీధిలోకి రాకూడదు.

రాత ఆగిపోయినప్పుడు

పెళ్లిళ్లు, జ్వరాలు, ఆడిట్లు, బదిలీలు వస్తాయి. రెండు మూడు వారాలు ఖాళీ పోతే క్షమాపణ టపా రాయవద్దు. పాఠకుడికి అది అక్కరలేదు, మీకు మాత్రం బరువు పెరుగుతుంది. ఒక ఫోటో, దాని కింద నూట యాభై మాటలు వేయండి. బరంపురం వీధిలో ఎండబెట్టిన అప్పడాల వరస, పట్టు చీర అంచు మీద గుడి గోపురంలా నేసిన ఫోడా, తప్తపాణి వేడినీటి గుండం. చేయి మళ్లీ కదలడానికి అంత చాలు. అదీ కుదరకపోతే పాత టపా ఒకటి తెరిచి, చెడిపోయిన లింకులు బాగుచేసి, తర్వాత తెలిసిన సంగతి ఒకటి చేర్చండి. అదీ ఆ వారం పనే.

ఎంతకీ కదలకపోతే శీర్షికల కాగితం తీయండి. మిగిలినవాటిలో ఏదీ రాయబుద్ధి కాకపోతే పొలిమేర మారవలసిన సమయం వచ్చిందేమో చూడండి. వంటలతో మొదలైన బ్లాగు ఆ వంటలు చేసిన అమ్మమ్మల కథల వైపు మళ్లితే తప్పేమీ లేదు. ఆ నిర్ణయం కూడా కాగితం మీద జరగాలి, బల్ల దగ్గర సగం రాసిన టపా ముందు కాదు.

రాసింది దాచుకోవడం

నెలకొకసారి, ఫలానా తేదీ అని పెట్టుకుని, బ్లాగు మొత్తానికి కాపీ తీయండి. బ్లాగర్ సెట్టింగుల్లో, వర్డ్‌ప్రెస్ టూల్స్‌లో దానికి సదుపాయం ఉంది. ఒక్క ఫైలుగా దిగుతుంది. ఆ ఫైలులో మీ రాత ఉంటుంది కానీ బొమ్మలు ఉండవు, వాటి లింకులు మాత్రమే ఉంటాయి. అందుకని అసలు ఫోటోలను, పెద్దల గొంతు రికార్డులను విడిగా పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్‌డిస్క్‌లోనో దాచండి. ప్రతి ఫైలు పేరులో ఊరు, నెల, సంవత్సరం ఉండాలి. రెండో కాపీ వేరే ఊళ్లో ఉన్న తమ్ముడి దగ్గరో చెల్లెలి దగ్గరో ఉంచండి. తుఫానుకు ఒకే ఇంట్లోని రెండు కాపీలూ తడవవచ్చు.